అతుకులు లేని రాకెట్టు ఇంజను

నెల్లూరు జిల్లా బోగోలు మండలములో బిట్రగుంట అను రైల్వే స్టేషను కలదు. ఆవిరి ఇంజన్లు నడిచిన కాలమున అచటి ఇంజన్ల షెడ్డు దక్షిణ దేశమంతట పేరు పొందినది. ఆవిరి ఇంజను బాయిలరులో పొడవైన గొట్టములు అనేకము వరుసగా అమర్చబడి యుండును. వానిలోగుండ నిప్పుగూటి వేడి వాయువులు పోవును. చుట్టును నీరు ఉండును. గొట్టము చివర ఇనుప పలకతో కలియు చోట ఏ కొద్ది సందు ఏర్పడినను నీరు కారి, ఇంజను శక్తి తగ్గును. యంత్రమునకు బలహీనత సామాన్యముగా అతుకు వద్దనే పుట్టునని ఆ షెడ్డులో పనిచేసిన ప్రతి కార్మికునికిని తెలిసిన విషయమే.

బోగోలు నుండి అదే సముద్రతీరము వెంబడి దక్షిణముగా పోయినచో శ్రీహరికోట వచ్చును. పూర్వము నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ దీవి 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. 2024 మే 30వ తేదీ ఉదయము 7 గంటల 15 నిమిషములకు అచటినుండి 'అగ్నిబాణ్ సార్టెడ్' అను చిన్న రాకెట్టు పైకి లేచినది. దాని పొడవు సుమారు 6 మీటర్లు మాత్రమే. అయినను శాస్త్రజ్ఞుల దృష్టి దానిపై నిలిచినది. ఏలయన దాని ఇంజను ముక్కలుగా చేసి అతికినది కాదు. మొత్తము ఒకే ముక్కగా యంత్రముపై 'అచ్చువేయబడినది'. దీనిని రూపొందించిన అగ్నికుల్ కాస్మోస్ సంస్థ మద్రాసు ఐఐటి ఆవరణలో పెరిగినది. 2017లో శ్రీనాథ్ రవిచంద్రన్, మొయిన్ ఎస్.పి.ఎం. అను యువకులు, ఆ విద్యాలయపు ఆచార్యుడు సత్యనారాయణన్ చక్రవర్తి తోడ్పాటుతో దానిని నెలకొల్పినారు.

రెండు కష్టములు

రాకెట్టు పైకి లేచుటకు న్యూటను మూడవ సూత్రమే ఆధారము. వేడి వాయువులను మహావేగముతో క్రిందికి చిమ్మిన, ప్రతిచర్యగా రాకెట్టు పైకి నెట్టబడును. గాలి లేని చోట కూడ మండవలెను గనుక రాకెట్టు తనకు కావలసిన ఆక్సిజనును తానే మోసికొని పోవును. అగ్నిబాణ్‌లో ఇంధనము విమానములలో వాడు కిరసనాయిలు జాతి నూనె. ఆక్సిజను ద్రవరూపమున ఉండును. సాధారణ పీడనము వద్ద ద్రవ ఆక్సిజను మరుగు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 183 డిగ్రీల సెంటీగ్రేడు. రెంటిలో ఒకటి మాత్రమే అతిశీతల ద్రవము గనుక ఇట్టి ఇంజనును 'సెమీ క్రయోజెనిక్' ఇంజను అందురు.

ఇచట రెండు కష్టములు కలవు. ఒక ప్రక్క గడ్డకట్టించు చలి; కొద్ది అంగుళముల దూరములో లోహములను కరగించు మంట. గోడ కరగకుండుటకు సామాన్యముగా ఆ గోడలోనే సన్నని కాలువలు తీర్చి, మండబోవు ఇంధనమునే ముందుగా వానిగుండ ప్రవహింపజేయుదురు. ఇంధనము గోడ వేడిని గ్రహించి, తాను వేడెక్కి, పిమ్మట దహన కక్ష్యలో ప్రవేశించును. పాత పద్ధతిలో ఈ కాలువలను, చిమ్ముగొట్టములను వేరువేరుగా చేసి అతుకవలెను. చలికి ముడుచుకొనుచు, వేడికి వ్యాకోచించుచు, అధిక పీడనము నోర్చుకొనుచు ఆ అతుకులన్నియు నిలువవలెను.

పొర మీద పొర

పాముపుట్టను చూడుడు. చెదపురుగులు మట్టిరేణువులను ఒకదానిపై నొకటి పేర్చుకొనుచు, లోపల దారులు విడిచి, పుట్టను పైకి లేపును. అనేక దారులను కట్టునపుడే ఖాళీగా విడుచును. లోహమును అచ్చువేయు యంత్రము చేయు పనియు ఇట్టిదే. లోహపు పొడిని వెంట్రుక మందమునకు మించని పొరగా పరచి, కావలసిన చోట లేసర్ కిరణముతో కరగించును. అది గట్టిపడిన పిమ్మట దానిపై మరియొక పొర. కాలువ ఉండవలసిన చోట కిరణము పడదు. అచట పొడి పొడిగానే మిగులును. తుదకు ఆ పొడిని దులిపివేసిన కాలువ ఏర్పడును.

అయితే ఈ పద్ధతికి తన చిక్కులు తనకున్నవి. లోపలి లోపము కంటికి కనబడదు. కాలువలో పొడి కొంచెము నిలిచినను ప్రవాహము అడ్డగింపబడును. కావున ఇంజనును నేలపై మండించి పరీక్షింపక తప్పదు.

చిన్న లెక్క

అతుకు కారినచో నష్టమెంత? తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు తామే గణింపవచ్చును. ఈ రాకెట్టు ద్రవ్యరాశి లేచు సమయమున సుమారు 575 కిలోగ్రాములు. దానిని భూమి లాగు బలము 575ను 9.8చే హెచ్చించగా 5,635 న్యూటన్లు. ఇంజను పైకి నెట్టు బలము సుమారు 6,200 న్యూటన్లు. మిగులు 565 న్యూటన్లు మాత్రమే. దీనిని ద్రవ్యరాశిచే భాగించిన, త్వరణము సెకనుకు సెకనుకు సుమారు 1 మీటరు. అనగా మొదటి సెకనులో రాకెట్టు లేచునది అర మీటరే! ఇంధనము ఖర్చయి బరువు తగ్గిన కొలది వేగము పుంజుకొనును.

ఇపుడు ఇంజను బలములో పదవ వంతు తగ్గినదనుకొందము. మిగులునది 5,580 న్యూటన్లు. ఇది రాకెట్టు బరువు కంటె తక్కువ. ఇంజను మండుచునే యుండును. రాకెట్టు మాత్రము ఆ క్షణమున లేవజాలదు. పదవ వంతు లోపము పదవ వంతు ఫలితమును గాక, ఆ క్షణపు ఫలితమునంతను హరించును.

ఆగుట కూడ విద్యయే

మే 30వ తేదీ విజయమునకు ముందు ఈ ప్రయోగము నాలుగు పర్యాయములు వాయిదా పడినది. మే 28వ తేదీన జ్వలనమునకు కొద్ది సెకనుల ముందు ఆపివేసినారు. ప్రజలందరు ఎదురుచూచుచున్న వేళ, సందేహము కలిగినంతనే ఆగుటకు ధైర్యము కావలెను. రెండు దినముల పిమ్మట రాకెట్టు లేచి, అనుకొనిన పరీక్షలు ముగించి, బంగాళాఖాతములో పడినది.

ఇది ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిన ప్రయోగము కాదని గుర్తించవలెను. భూమికి చేరువ కక్ష్యలో తిరుగుటకు సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగము కావలెను. ఈ చిన్న రాకెట్టు ఉద్దేశము ఇంజనును, మార్గమును సరిదిద్దు ఉపకరణములను గగనమున పరీక్షించుటయే. భారతదేశమున సెమీ క్రయోజెనిక్ ఇంజను ఎగిరినది ఇదే తొలిసారి.

విద్యాలయముల నుండి శ్రీహరికోటకు సాగిన ప్రయత్నములు ఇంతకు ముందును కలవు. 2009 ఏప్రిల్ 20న అన్నా విశ్వవిద్యాలయము నిర్మించిన 40 కిలోగ్రాముల 'అనుశాట్' ఉపగ్రహము అచటినుండియే కక్ష్య చేరినది. 2022 నవంబరు 18న హైదరాబాదు స్కైరూట్ సంస్థవారి ఘన ఇంధన రాకెట్టు 'విక్రమ్-ఎస్' ఎగిరినది. ఆ సంస్థను స్థాపించిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా ఐఐటిలలో చదివినవారే.

బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల కాలము గడచినది. కాని అచటి పనివారు సుత్తితోను, దీపముతోను వెదకిన ప్రశ్న నేటికిని మారలేదు: వేడికి, ఒత్తిడికి ఏ చోట లోహము తాళజాలదు? ఆ ప్రశ్నను తరగతి గదిలో వేయుటకు రాకెట్టు అక్కరలేదు. న్యూటను సూత్రము, ఒక చిన్న హెచ్చవేత చాలును.