డీజే వేయబోయే తమ్ముళ్ళకు నాలుగు మాటలు

'డీజే' అన్న మాట వినగానే మన కాలేజీలో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. విద్యార్థుల ముఖాలు విప్పారుతాయి, అధ్యాపకుల ముఖాలు ముడుచుకుంటాయి. రెండింటికీ కారణం ఒకటే, మోత! ఫ్రెషర్స్ డే అయినా, వీడ్కోలు సభ అయినా చివరి గంట డీజేదే కావడం యిప్పుడు ఆనవాయితీ అయిపోయింది గదా.

నేను బి.యస్సీ. విద్యార్థిని. మాది వ్యవసాయ కుటుంబం. మా బావకు సౌండు సిస్టం వుంది. సెలవుల్లో, పెళ్ళిళ్ళ సీజనులో రెండేళ్ళుగా ఆయన వెంట తిరిగి డీజే వేస్తున్నాను. ఫీజుకు, హాస్టలు మెస్సుకు ఆ డబ్బు అక్కరకు వచ్చింది. "నాకూ నేర్పవా అన్నా" అని అడిగే జూనియర్లు యీ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే సంచికలో రాస్తే అందరికీ పనికొస్తుందని యీ ప్రయత్నం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందే ఒక మాట. డీజేకు కావలసిన మొదటి పరికరం మిక్సరు కాదు, లాప్‌టాప్ కాదు. చెవి. మిగిలినవన్నీ కిరాయికి దొరుకుతాయి.

పుట్టు పూర్వోత్తరాలు

డీజే అంటే డిస్క్ జాకీ. మొదట్లో అమెరికా రేడియోలో రికార్డులు వేసేవాళ్ళకు యీ పేరు వుండేది. 1972లో జపానుకు చెందిన మత్సుషిత కంపెనీ టెక్నిక్స్ ఎస్సెల్-1200 అనే టర్న్‌టేబుల్‌ను తెచ్చింది. దీనికి బెల్టు లేదు, మోటారే నేరుగా పళ్ళాన్ని తిప్పుతుంది. చేత్తో రికార్డును ఆపి వదిలితే వెంటనే వేగం అందుకుంటుంది. అందుకే తర్వాతి కాలంలో అది డీజేల యంత్రం అయింది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, జమైకాలో పుట్టిన కూల్ హెర్క్ అనే యువకుడు తన చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు వేశాడు. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్క దగ్గర జనం ఎక్కువగా ఆడుతున్నారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు యంత్రాల మీద పెట్టి, ఒకటి అయిపోగానే రెండోది అందుకొని ఆ ముక్కను సాగదీశాడు. అంటే అతను మోత పెంచలేదు, జనాన్ని చూశాడు. డీజే విద్యకు మూలం యిదే.

మనకు తీన్‌మార్ వుంది. హైదరాబాదులో మర్ఫా వాద్యం నిజాం కొలువులోని అరబ్బుల ద్వారా, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల ద్వారా వచ్చి, ఊళ్ళలో డప్పు దరువుతో కలిసి నడిచింది. బారాత్‌లో మనం వేసే పాటల్లో సగానికి సగం ఆ నడకవే. అంచేత డీజే నేర్చుకోదలచినవాడు ముందు డప్పు కొట్టేవాళ్ళ పక్కన నిలబడి ఒక గంట వినాలి.

సామాను

మొదటిరోజే పెద్ద సామాను కొనకండి. రెండు పాటలను విడివిడిగా నడిపే చిన్న కంట్రోలరు, ఒక లాప్‌టాప్, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోను చాలు. పాటలు రెండు పెన్‌డ్రైవుల్లో వుండాలి. ఒకటి జేబులో, యింకొకటి సంచిలో. లాప్‌టాప్‌లో అప్‌డేట్లు ఆపి, వైఫై తీసేసి కూర్చోండి. పెళ్ళికూతురు స్టేజి ఎక్కే సమయానికి లాప్‌టాప్ తనంతట తాను ఆరిపోయి మళ్ళీ వెలిగిన రోజు నాకు యింకా గుర్తే.

"ఎన్ని వాట్లు?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఆంప్లిఫయరు శక్తి రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి మోత రెండింతలైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్సు పెరగాలి, అంటే శక్తి పదింతలు కావాలి. కాబట్టి రెండు బాక్సుల చోట నాలుగు పెట్టినంత మాత్రాన ఊరు అదిరిపోదు. ఖర్చు మాత్రం రెండింతలవుతుంది. యింకొకటి చూడండి. 8 ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓములవుతుంది. మూడోది తగిలిస్తే యింకా తగ్గుతుంది. ఆంప్లిఫయరు మీద రాసివున్న కనీస ఓములకంటే కిందికి దిగితే అది వేడెక్కి కాలిపోతుంది. యీ లెక్క మనం ఇంటర్మీడియట్‌లో చదివిందే, పరీక్షకు తప్ప వాడం!

ఇక గెయిన్ సంగతి. దీన్ని నాకు అర్థమయ్యేట్టు చేసింది మా పొలం కాలువే. పెద్ద కాలువలోకి పట్టినదానికంటే ఎక్కువ నీళ్ళు వదిలితే గట్టు తెగుతుంది. అప్పుడు కింద మడి దగ్గర గండి మూసి లాభం లేదు, తూము దగ్గరే తగ్గించాలి. మిక్సరులో ఛానెల్ గెయిన్ ఆ తూము. మాస్టర్ వాల్యూం మడి దగ్గరి గండి. గెయిన్ ఎక్కువై ఎర్రలైటు వెలిగిందంటే శబ్ద తరంగం కొసలు తెగిపోతున్నాయని అర్థం. ఆ తర్వాత మాస్టర్ ఎంత తగ్గించినా తెగిన కొసలు అతకవు. అలా తెగిన తరంగమే పైస్థాయి వినిపించే చిన్న స్పీకర్లను కాలుస్తుంది. పచ్చలైటు దాటకుండా, అప్పుడప్పుడు పసుపు తగిలేట్టు వుంచుకోండి.

ఆన్ చేసేటప్పుడు మిక్సరు ముందు, ఆంప్లిఫయరు ఆఖరున. ఆఫ్ చేసేటప్పుడు ఆంప్లిఫయరు ముందు. యిది తిరగబడితే 'ఢబ్' మని కొట్టే దెబ్బకు స్పీకర్లు పోతాయి.

కరెంటు దగ్గర మాత్రం చమత్కారాలు వద్దు. గుర్రుమనే మోత వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళను చూశాను. అది ప్రాణంతో ఆట. ఆ మోత పోవాలంటే మిక్సరు, లాప్‌టాప్, ఆంప్లిఫయరు అన్నీ ఒకే ఎర్త్ వున్న లైను మీదికి తేవాలి, సిగ్నలుకు బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు వాడాలి. వాటిలో ఒకే సిగ్నలు రెండు తీగల్లో తలకిందులుగా ప్రయాణిస్తుంది, దారిలో కలిసిన మోత అవతలి చివర రద్దయిపోతుంది. బారాత్‌లో డీసీఎం మీద బాక్సులు పేర్చేటప్పుడు దారిలో కరెంటు తీగలు ఎంత ఎత్తున వున్నాయో పగటిపూటే నడిచి చూసుకోవాలి. వాన పడితే పాట ఆపేయాలి. ఎవరెంత తిట్టినా సరే.

కలపడం

మిక్సింగు అంటే ఒక పాట ఆగి యింకొకటి మొదలైనట్టు తెలియకుండా చేయడం. నడుస్తున్న పాట నిమిషానికి 100 దెబ్బలు, వచ్చేది 104 అనుకోండి. రెండోదాన్ని సుమారు 4 శాతం తగ్గించాలి. అయితే వేగం మారితే శ్రుతి కూడా మారుతుంది. 6 శాతం మార్పు దాదాపు ఒక అర్ధస్వరం. గొంతు తేడాగా వినిపిస్తుంది. శ్రుతిని పట్టివుంచే బటను వున్నా, దాన్ని నమ్మి మరీ దూరపు పాటలను కలపకండి.

వేగం కలిస్తే చాలదు. చాలా పాటలు నాలుగేసి దెబ్బలుగా, ఎనిమిది ఆవర్తాలుగా, అంటే 32 దెబ్బలకు ఒక మలుపు తిరుగుతాయి. పాత పాట మలుపు తిరిగే చోటే కొత్త పాట మొదలుకావాలి. లెక్కపెట్టడం మొదట్లో కష్టం, నెల రోజుల్లో కాలు దానంతటదే లెక్కపెడుతుంది. రెండు పాటల బేస్ ఒకేసారి మోగనీయకండి, బురదలా వుంటుంది. ఒకదాని బేస్ తగ్గిస్తూ రెండోదానిది పెంచండి. మూడేసి దెబ్బల నడక వున్న తీన్‌మార్ పాటను నాలుగు దెబ్బల సినిమా పాటతో నేరుగా కలిపితే జనం కాళ్ళు తడబడతాయి. మధ్యలో ఒక డైలాగో, కాసేపు వట్టి డప్పో వేసి మారండి.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పెద్ద బాక్సులు మీకు 17 మీటర్ల దూరంలో వుంటే మీ చెవికి చేరేది సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా. హెడ్‌ఫోనులో సరిగ్గా కలిసింది బయట తేడాగా తోచేది అందుకే. ఒక చిన్న స్పీకరు మీ పక్కనే పెట్టించుకోండి.

జనంతో వ్యవహారం

బయానా తీసుకునేటప్పుడే ఎన్ని గంటలకు మొదలు, ఎన్నింటికి ఆఖరు, జనరేటరు ఎవరిది, భోజనం ఎక్కడ అన్నీ కాగితం మీద రాసుకోండి. మిగతా డబ్బు బారాత్ కదలకముందే అడగాలి, పెళ్ళయ్యాక అందరూ బంధువులే! తాగినవాళ్ళు వచ్చి "నా పాట వెయ్" అంటే వాదించకండి. "యిది అయినంక వేస్తనన్నా" అంటే చాలు, ఐదు నిమిషాలకు మరిచిపోతారు. ఆడవాళ్ళు, పిల్లలు ఆడుతున్నప్పుడు గొడవచేసే గుంపు జొరబడితే వేగం తగ్గించి మెలోడీ వేయండి. మైకులో చెప్పే వంద మాటలకంటే అది పనిచేస్తుంది.

అసలు సంగతి

పోయిన ఏడాది ఒక పెళ్ళిలో సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాటేదాకా బాక్సుల ముందే నిలబడ్డాను. తెల్లారి పొలం పోయాను. చెవుల్లో కీచుమని ఒకటే మోత. బాయికాడ స్టార్టరు పక్కన చెట్టుకింద కళ్ళు మూసుకొని కూర్చున్నాను. మోటరు నడుస్తుండగా ఒక ఫేజు పోయింది. నీళ్ళ ధార పడిపోవడం చూసిన నాయిన మడి అవతలి చివరనుంచి బంద్ చేయమని కేకవేశాడు. ఒకటి కాదు, పది కేకలు. నాకు వినపడలేదు. పక్కనే మూలుగుతున్న మోటరు గొంతు మారిందన్నదీ వినపడలేదు. ఆయన బురదలో పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పొగ వాసన. వైండింగు కాలింది.

నాయిన తిట్టలేదు. నా ముఖంలోకి చూసి, "ఇనవడ్తలేదా బిడ్డా?" అన్నాడు. ఆ మాటకు యిప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ పెళ్ళిలో నాకు వచ్చింది రెండు వేలు. వైండింగుకు అయింది ఆరు వేలు. రెండు రోజులకు చెవులు తేటపడ్డాయి గాని, ఎడమ చెవిలో కీచుమోత రాత్రిళ్ళు యిప్పటికీ వస్తుంది.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒక్కో చెవి లోపల సుమారు పదిహేను వేల సున్నితమైన కేశకణాలుంటాయి. చచ్చినవి మనిషిలో మళ్ళీ మొలవవు. అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం పనిచేసేవాడు 85 డెసిబెల్సులో 8 గంటలు వుండవచ్చు. ప్రతి 3 డెసిబెల్సుకు కాలం సగమవుతుంది. 100 డెసిబెల్సు దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే! బారాత్‌లో బాక్సుల ముందు అంతకంటే ఎక్కువే వుంటుంది. పాటలు వేసే వేదికల్లో సగటు మోత 100 డెసిబెల్సు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఆరుబయట దూరం రెండింతలైతే 6 డెసిబెల్సు తగ్గుతుంది. కనుక బాక్సుల వెనక నిలబడండి, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి, గంటకోసారి పదినిమిషాలు దూరంగా పోండి. పసిపిల్లలను ఎత్తుకొని బాక్సుల ముందుకు వచ్చేవాళ్ళను మైకులో పిలిచి వెనక్కి పంపండి. నేను పంపుతాను, ఎవరూ కోపగించుకోలేదు.

చట్టమూ వుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వేయరాదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. మనవాళ్ళు పోలీసులను తిట్టుకున్నారు. నాకైతే ఆ తప్పులో మన వాటా కూడా వుందనిపించింది. మనమే తూము దగ్గర తగ్గించివుంటే గట్టు దాకా వచ్చేది కాదు గదా.

మిత్రులారా! డీజే వేయొద్దని నేను చెప్పడం లేదు. వచ్చే నెలలో మా చిన్నాయన కూతురి పెళ్ళికి నేనే వేస్తున్నాను. పది గంటలకు ఆపేస్తానని ముందే చెప్పాను, ఒప్పుకున్నారు. ఆ తర్వాత డప్పు వాళ్ళను పిలుస్తున్నారు. వాళ్ళకు బాక్సులుండవు. నాయిన కూడా వస్తానన్నాడు.