సెలవుల్లో హైదరాబాద్: చూసేదేమిటి, నేర్చేదేమిటి?

వేసవి సెలవులు వచ్చాయంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్లకు చుట్టాల రాక మొదలవుతుంది. విజయవాడ, ఖమ్మం, సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి వచ్చే బస్సులు నగరంలో అడుగుపెట్టేది ఈ దారినే. పిల్లాపాపలతో, పచ్చడి జాడీలతో, మామిడిపళ్ల బుట్టలతో ఎల్బీనగర్ చౌరస్తాలో దిగే కుటుంబాల్లో మన ముస్లిం కుటుంబాలూ తక్కువేమీ కావు. నాలుగు రోజులుండి చార్మినార్, గోల్కొండ, జూపార్కు చూసి, లాడ్ బజారులో గాజులు కొనుక్కుని తిరుగు బస్సెక్కుతారు.

తిరగడం తప్పేమీ కాదు. భూమిపై సంచరించి, పూర్వం గడచిన జాతుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల చెబుతోంది. అయితే ఆ ఆజ్ఞలో ఉన్నది కంటితో చూడటం ఒక్కటే కాదు, మనసుతో ఆలోచించడం కూడా. ఊరికి తిరిగి వెళ్లాక "ఏం చూశావురా?" అని తాతయ్య అడిగితే మనవడు బిర్యానీ గురించీ ఏనుగు గురించీ మాత్రమే చెబితే, ఆ ప్రయాణంలో సగమే పూర్తయిందన్నమాట. మిగతా సగం పెద్దల చేతుల్లో ఉంది.

బస్సు ఆగకుండా దాటిపోయే మసీదు

విజయవాడ రహదారిపై వచ్చే వారికి హైదరాబాద్ చరిత్ర చార్మినార్ దగ్గర మొదలు కాదు. ఎల్బీనగర్ ఇంకా రాకముందే, హయాత్‌నగర్‌లోనే మొదలవుతుంది. ఆ ఊరి పేరు హయాత్ బక్షీ బేగం పేరు మీద వచ్చింది. హైదరాబాద్ నగర నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షాకు ఆమె ఏకైక కుమార్తె. ఆయన తర్వాత రాజ్యమేలిన ముహమ్మద్ కుతుబ్ షాకు భార్య. 1626లో చిన్న వయసులోనే గద్దెనెక్కిన అబ్దుల్లా కుతుబ్ షాకు తల్లి. కొడుకు చిన్నవాడైనందున రాచకార్యాలు చక్కబెట్టే భారం ఆమె భుజాన పడింది. 1667లో ఆమె పరమపదించారు.

అబ్దుల్లా కాలంలో అక్కడ కట్టిన మసీదు నేటికీ ఉంది. మసీదు చుట్టూ విశాలమైన ఆవరణ, ఆ ఆవరణ చుట్టూ కమానుల వరుసలో వందకు పైబడి గదులు. అవి బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు. గోల్కొండ రాజ్యపు రేవుపట్టణం మచిలీపట్నం. వజ్రాలు, కలంకారీ బట్టలు ఈ దారినే రేవుకు వెళ్లేవి. వర్తకులు, సిపాయిలు, యాత్రికులు ఇదే దారిన రాజధానికి వచ్చేవారు. అలసిన ప్రయాణికుడు ఇక్కడ దిగి, వుజూ చేసి, నమాజు చదివి, తలదాచుకుని, తెల్లవారాక నగరం వైపు సాగేవాడు. పక్కనే హాథీ బావ్‌డీ, అంటే ఏనుగు బావి ఉంది.

రాజుగారు తన కోసం కట్టుకున్న కోటను చూడటానికి మనం టిక్కెట్టు కొంటాం. ఎవరో ముక్కూమొహం తెలియని బాటసారి కోసం కట్టించిన సరాయి ముందు నుంచి మాత్రం కిటికీలోంచి తల కూడా బయట పెట్టకుండా వెళ్లిపోతాం. మా ఇంటికి వచ్చే చుట్టాలకు మేము ఇప్పుడు ముందుగానే చెబుతున్నాం. వచ్చేటప్పుడు కుదరకపోతే, ఒకరోజు సాయంత్రం సిటీ బస్సులో వెళ్లి అస్ర్ నమాజు అక్కడ చదివి రావచ్చు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఆ రాజులకు తెలుగు వచ్చా?

కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చిన మేనకోడలు పత్తర్‌గట్టీలో బేరం చేయబోయి ఉర్దూలో తడబడింది. దుకాణదారు నవ్వాడు. ఆయన నవ్వులో దురుద్దేశం లేదు గాని, పిల్ల మొహం చిన్నబోయింది. ఇంటికి వచ్చాక అడిగింది: "మామూ, మనకు ఉర్దూ సరిగ్గా రాదు కదా, మరి ఈ చార్మినార్ మనదెలా అవుతుంది?"

తెలుగు మాట్లాడే ముస్లిం ఇళ్లలో పిల్లలు పైకి అన్నా అనకపోయినా ఈ ప్రశ్న ఉంది. దానికి జవాబు చరిత్రలోనే దొరుకుతుంది. 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కక ముందు ఏడేళ్లపాటు విజయనగరంలో తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు నేర్చాడు. తెలుగు కవులు ఆయనను ముద్దుగా మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అదే. సంస్కృత పదం కలవని తెలుగు కావ్యాన్ని అందుకున్నవాడు ఒక ఖాన్‌సాహెబ్ అన్నమాట! కుతుబ్ షాహీల ఫర్మానాలు పారసీకంతోపాటు తెలుగులోనూ వెలువడేవి.

మేము ఈ సంగతులు చెబుతుంటే మేనకోడలు మధ్యలో ఆపింది. "అయితే ఆ రాజులకు తెలుగు వచ్చా?" అంది. ఇబ్రహీంకు వచ్చునని చెప్పాం. "మరి నన్నెందుకు నవ్వారు?" అంది. ఉర్దూ నేర్చుకోవడం మంచిదే, నేర్చుకోవాలి కూడా. కానీ భాష రాలేదని బిడ్డ తన దీన్‌లోనూ, తన చరిత్రలోనూ తక్కువదాన్నని అనుకోకూడదు. అల్లాహ్ దగ్గర గొప్పతనానికి కొలమానం తఖ్వా. నాలుక పలికే భాష కాదు.

గుమ్మటాల కింద గుణపాఠం

గోల్కొండ కోటలో చప్పట్లు కొట్టి ధ్వని వినడం పిల్లలకు సరదా. ఆ సరదా తీరాక వారిని కుతుబ్ షాహీ సమాధుల దగ్గరకు తీసుకువెళ్లండి. 2013లో ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణ వల్ల ఆ ఆవరణకు కొత్త కళ వచ్చింది. హయాత్ బక్షీ బేగం సమాధి కూడా ఇక్కడే ఉంది. రాజ కుటుంబీకుల భౌతికకాయాలకు గుసుల్ చేయించిన హమ్మాం నేటికీ నిలిచి ఉంది. సింహాసనం మీద కూర్చున్నవాడికైనా చివరి స్నానం ఇతరుల చేతుల మీదుగానే జరగాలని పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

చివరి పాలకుడు అబుల్ హసన్ తానీషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించి ఆయనను దౌలతాబాద్ కోటలో బందీగా ఉంచాడు. ఆయన అక్కడే కన్నుమూసి ఖుల్దాబాద్‌లో మట్టిలో కలిశాడు. 1707లో ఔరంగజేబు మరణించాడు. ఆయనను ఖననం చేసింది కూడా ఆ ఖుల్దాబాద్‌లోనే. గెలిచినవాడికీ ఓడినవాడికీ చివరకు ఒకే ఊరి మట్టి దక్కింది.

ఇదే సంగతి మక్కా మసీదులో మరో విధంగా కనిపిస్తుంది. 1617లో ముహమ్మద్ కుతుబ్ షా దానికి పునాది వేశాడు. పూర్తి చేసింది 1694లో ఔరంగజేబు. మొదలుపెట్టిన వంశం అప్పటికి లేదు. నమాజు మాత్రం నేటికీ జరుగుతోంది. సమాధుల దగ్గర సలాం చెప్పి, పోయినవారి మగ్ఫిరత్ కోసం దుఆ చేయడం, మన మరణాన్ని తలచుకోవడం సున్నత్. గోడల మీద పేర్లు చెక్కడం, నమాజు చదువుతున్నవారి ముందు నిలబడి ఫొటోలు దిగడం మర్యాద కాదు.

ప్రయాణికుడి నమాజు

తిరుగుళ్లలో పడి నమాజు వదిలేయడం చాలామందిలో చూస్తున్నాం. అల్లాహ్ ప్రయాణికుడికి సౌలభ్యం ఇచ్చాడు గాని సెలవు ఇవ్వలేదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు దాటి వచ్చి, 15 రోజుల కంటే తక్కువ ఉండాలనుకునేవారు ముసాఫిర్లు. వారు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లను నాలుగుకు బదులు రెండు రకాతులే చదవాలి. ఫజ్ర్, మగ్రిబ్‌లలో తగ్గింపు లేదు. స్థానిక ఇమాం వెనుక చదివితే ఆయనతోపాటు నాలుగూ పూర్తి చేయాలి. ప్రయాణికుడి దుఆ స్వీకృతమవుతుందని హదీసు చెబుతోంది. అలాంటి సమయాన్ని బజారులోనే గడిపేస్తే నష్టం మనకే.

సాలార్‌జంగ్ మ్యూజియంకూ, చౌమహల్లాకూ శుక్రవారం సెలవు. కాబట్టి ఆ రోజు మక్కా మసీదులో జుమా పెట్టుకుని, మిగతావి వేరే రోజులకు ఉంచుకోవాలి. 2018లో ఎల్బీనగర్ వరకు మెట్రో వచ్చాక ప్రయాణం సులువైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి మూడు స్టేషన్లు దాటి ఎంజీబీఎస్‌లో దిగితే, అక్కడి నుంచి మ్యూజియం, చార్మినార్ ఆటోకు దగ్గరే. దారిలో మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రామ్ అనీ పిలుచుకున్నారట. ఆ పిలుపే పేటకు పేరై నిలిచింది. ఈ నగరం పరాయివాడిని ఎలా తనలో కలుపుకుందో ఆ ఒక్క పేరు చెబుతుంది.

ఆతిథ్యం మూడు రోజులు

చివరగా ఒక ఇంటి మాట. ఆతిథ్యం మూడు రోజులనీ, ఇంటివారికి ఇబ్బంది కలిగేదాకా అతిథి ఉండిపోకూడదనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మన బంధువులవి చాలావరకు రెండు గదుల ఇళ్లు. పదిమంది దిగితే ముందుగా అలసిపోయేది ఆ ఇంటి ఇల్లాలే. మనం కోట చూస్తున్న వేళ ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. వచ్చేవారు రెండు పూటలైనా బయట తినాలి, మిగతా పూటల్లో వంటింట్లో చెయ్యి కలపాలి. ఒకరోజు ఆమెను కూడా వెంట తీసుకువెళ్లాలి. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో ఉంటూ గోల్కొండ చూడని ఇల్లాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు.

నాలుగు వందల ఏళ్ల క్రితం ముక్కూమొహం తెలియని బాటసారికి వందకు పైగా గదులు కట్టించిన నగరమిది. మనకు తెలిసిన చుట్టానికి ఒక గది, మనల్ని ఆదరించిన ఇల్లాలికి ఒక రోజు ఇవ్వలేమా?