మా ఇంటికి రెండో తలుపు ఎందుకొచ్చిందంటే...

నవంబరు మొదటి వారం. సాయంత్రం ఐదు కూడా కాలేదు, మినియాపొలిస్‌లో అప్పుడే చీకటి పడుతోంది. నేను పైగదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. ఒక్కసారిగా కాళ్లకి చలిగాలి తగిలింది. కిందకి పరిగెత్తి చూస్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది. దేవుడి దగ్గర దీపం పెట్టొచ్చిన అమ్మ, శాలువా కప్పుకొని గుమ్మంలో నిలబడింది. మూడేళ్ల మా పాప సాక్సులతోనే బయట మెట్టు మీదకి దిగిపోయింది. బయట మైనస్ 5 డిగ్రీలు!

"అమ్మా, ముందు తలుపెయ్యి!" అని అరిచా.

"దీపాల వేళ వీధి తలుపు మూస్తారటే? ఐదు నిమిషాలాగు. లక్ష్మి వచ్చే టైము."

లక్ష్మి సంగతేమో గానీ, పాపకి జలుబు మాత్రం వచ్చేసింది. హీటింగ్ ఆగకుండా తిరుగుతూనే ఉంది. మా ఆయన అత్తగారికి ఏమీ చెప్పలేక, నా వైపు చూస్తాడు. నేను అమ్మ వైపు చూస్తా. అమ్మ తలుపు వైపు చూస్తుంది. వారం రోజులు ఇదే కథ.

అమ్మ బాధ నాకు అర్థం కాక కాదు. అవనిగడ్డ దగ్గర మా ఊళ్లో పొద్దున ముగ్గేసినప్పుడు తెరిచిన వీధి తలుపు రాత్రి పడుకునే ముందే వేస్తారు. వచ్చేపోయేవాళ్లు కనిపిస్తుంటారు. అలాంటి మనిషిని ఆరు నెలలకని తీసుకొచ్చి, మూసిన తలుపు వెనక కూర్చోబెట్టా. "ఇల్లు బాగుందే, కానీ డబ్బాలో ఉన్నట్టుంది" అని ఓసారి అనేసింది.

ఎదురింటి గాజు తలుపు

పరిష్కారం మా ఎదురింట్లోనే ఉంది. వాళ్ల చెక్క తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. దాని ముందు నిలువెత్తు గాజు తలుపు ఒకటి. లోపల సోఫాలో కుక్క పడుకోవడం కూడా రోడ్డు మీదకి కనిపిస్తుంది. దాన్ని ఇక్కడ 'స్టార్మ్ డోర్' అంటారు.

మన ఊళ్లో చెక్క తలుపుకి ముందు దోమల జాలీ తలుపు పెట్టిస్తాం కదా, దానికి ఇది చలిదేశపు అక్క అనుకోండి. అల్యూమినియం ఫ్రేము, మధ్యలో గట్టి టెంపర్డ్ గాజు. అసలు తలుపు లోపలికి తెరుచుకుంటే, ఇది బయటికి తెరుచుకుంటుంది. వదిలేస్తే దానంతటదే మూసుకోవడానికి పంపులాంటి క్లోజర్ ఉంటుంది. మామూలుగా ఈ క్లోజర్లలో గాలే పనిచేస్తుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పా. "తుఫాను తలుపా?" అంది అమ్మ. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "తుఫానుకి తలుపేం అడ్డమే?"

అమ్మ దివిసీమ మనిషి. 1977 నవంబరు 19 నాటికి తనకి ఎనిమిదేళ్లు. ఆ ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకుంది. దాని గురించి అమ్మ మాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం చెప్పింది. తలుపులన్నీ బిగించుకొని అందరూ ఒకే గదిలో కూర్చున్నారట. తాతయ్య తలుపుకి ధాన్యం బస్తాలు అడ్డం పెట్టారట. "బయట ఏం జరుగుతోందో కనపడదు. ఒకటే హోరు. గాలనుకున్నాం. తలుపు విరిగినాక తెలిసింది, నీళ్లని." ఆ నీళ్లలోనే అమ్మ తమ్ముడు పోయాడు. నాలుగేళ్లవాడు.

ఇక్కడికొచ్చాక, గాలి గట్టిగా వీచిన రాత్రల్లా అమ్మ హాల్లో లైటు వేసుకొని కూర్చోవడం నేను చూశా. జెట్‌లాగ్ అనుకున్నా. మూసిన తలుపు అవతల హోరు వింటూ కూర్చుందని నాకు తట్టనే లేదు.

మర్నాడే టేపు పట్టుకొని గుమ్మం కొలిచా.

కొలతలో తప్పితే అంతే

ఈ తలుపులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. 36 అంగుళాల వెడల్పు అన్నిటికన్నా మామూలు సైజు. కానీ గుమ్మాన్ని ఒక్కచోట కొలిచి ఆర్డరిచ్చేయకండి. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలిచి, అందులో తక్కువది తీసుకోవాలి. ఎత్తు కూడా అంతే. పాత ఇళ్ల గుమ్మాలు కాలం గడిచేకొద్దీ కాస్త వంకర తిరుగుతాయి. కీళ్లు అసలు తలుపుకి ఏ వైపున్నాయో దీనికీ ఆ వైపే ఉండేలా చూసుకోవాలి. మీ కాలనీకి అసోసియేషన్ ఉంటే ముందే అనుమతి అడగండి. రంగు దగ్గర్నుంచి డిజైన్ దాకా రూల్స్ పెట్టేవాళ్లుంటారు.

రకాలు మూడు. మొత్తం గాజు ఉండే ఫుల్ వ్యూ, పైసగం మాత్రమే గాజు ఉండేది, గాజు కిందకి జరిపితే పైనుంచి జాలీ దిగేది. మేం ఫుల్ వ్యూ తీసుకున్నాం. ఎండాకాలంలో గాజు తీసేసి జాలీ బిగించుకోవచ్చు. మినెసోటా రాష్ట్ర పక్షి దోమే అని ఇక్కడివాళ్లు జోకులేసుకుంటారు, కాబట్టి జాలీ తప్పనిసరి. మామూలు తలుపు 200 డాలర్ల చుట్టుపక్కల మొదలైంది. లో-ఈ పూత ఉన్న గాజు, మంచి హ్యాండిల్ అనేసరికి మా బిల్లు 400 దాటింది. బిగించే పని మా ఆయన, ఆయన ఫ్రెండు కలిసి శనివారమంతా చేశారు. మధ్యలో మూడుసార్లు టీ, ఒకసారి చిన్న గొడవ.

లాభాలు ఇవీ

మొదటిది, చలి. రెండు తలుపుల మధ్య గాలి నిలిచిపోతుంది. అదే దుప్పటిలా పనిచేస్తుంది. మాది 1970ల్లో కట్టిన ఇల్లు, పాత చెక్క తలుపు. అంచుల్లోంచి వచ్చే ఈదర బాగా తగ్గింది. అయితే నిజం చెప్పాలి. మీ ఇంటికి కొత్తరకం ఇన్సులేటెడ్ తలుపు ఉంటే కరెంటు, గ్యాస్ బిల్లుల్లో పెద్దగా ఏమీ మిగలదు. పాతదైనా గట్టిగా ఉన్న తలుపుకే ఇది మంచి పెట్టుబడి అని అమెరికా ఇంధన శాఖ కూడా చెబుతోంది.

రెండోది, అసలు తలుపుకి కాపలా. వాన, మంచు నేరుగా తగలవు కాబట్టి రంగు, చెక్క ఎక్కువకాలం ఉంటాయి.

మూడోది, వెలుతురు. పగలు హాల్లో లైటు వేయడం తగ్గిపోయింది.

నాలుగోది, ఎవరొచ్చారో చూసి మాట్లాడే వీలు. ముక్కూమొహం తెలియని మనిషి బెల్లు కొడితే, గాజు తలుపు గడియ తీయకుండానే అమ్మ చెయ్యి ఊపి పంపించేస్తోంది. ఇంగ్లిషుతో పనే లేదు. డెలివరీ అబ్బాయి చిన్న పార్సిళ్లని రెండు తలుపుల మధ్య పెట్టి పోతున్నాడు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి

పేరులో తుఫాను ఉందని మోసపోవద్దు. మామూలు స్టార్మ్ డోర్ హరికేన్‌ని ఆపదు. అమ్మ అన్నదే నిజం. గాలి గట్టిగా ఉన్న రోజు దీన్ని తెరిచి వదిలేస్తే, తలుపు విసురుగా వెనక్కి కొట్టుకొని క్లోజర్ స్క్రూలు ఊడొచ్చేస్తాయి. పైన గాలి గొలుసు బిగించుకోవడం మంచిది.

మీ గుమ్మానికి రోజూ చాలాసేపు నేరుగా ఎండ పడుతుంటే గాజు తలుపు పెట్టకపోవడమే మేలు. మధ్యలో వేడి చేరి అసలు తలుపే పాడవుతుంది. మాది ఉత్తరం గుమ్మం కాబట్టి బతికిపోయాం. వాస్తు చూసి కొన్న అత్తయ్యగారికి ఈ విషయంలో థ్యాంక్స్ చెప్పాల్సిందే.

ఇంకోటి. తలుపు బయటికి తెరుచుకుంటుంది కదా, ముందు మంచు పేరుకుపోతే తెరుచుకోదు. పార ఒకటి ఇంట్లోనే పెట్టుకోండి. హ్యాండిల్ మీద చిన్న గడియ ఉంటుంది, పిల్లలు దాంతో ఆడతారు. నేను పార్సిల్ కోసం బయటికెళ్తే మా పాప టక్కున వేసేసింది. గాజు ఇవతల నేను చేతులు తిప్పుతూ సైగలు, అవతల అమ్మకి ఆ గడియ ఎటు తిప్పాలో తెలీదు. ఐదు నిమిషాలు గడ్డకట్టుకుపోయా. ఆ సాయంత్రమే అమ్మకి గడియ తీయడం నేర్పించి, గరాజ్‌లో స్పేర్ తాళంచెవి పెట్టా. మీరు మాత్రం ఈ పని మొదటి రోజే చేయండి.

నవంబరు 19

తలుపు బిగించిన మరుసటి రోజే ఆ తేదీ. ఏటా ఆ రోజు అమ్మ వీధి గుమ్మంలో ఒక దీపం ఎక్కువ పెడుతుంది. ఎవరికోసమని చిన్నప్పుడు అడిగితే "ఊరికేనే" అనేది.

ఆ సాయంత్రం చెక్క తలుపు పూర్తిగా తీసేసింది. గాజు తలుపు మూసే ఉంది. లోపల పీట మీద రెండు ప్రమిదలు పెట్టి వెలిగించింది. బయట సన్నగా మంచు మొదలైంది, గాలీ ఉంది. దీపాలు మాత్రం కదల్లేదు. పాప వెళ్లి అమ్మ ఒళ్లో కూర్చుంది. ఎదురింటావిడ చెత్తబుట్ట లోపలికి తీసుకెళ్తూ ఆగి, మా గుమ్మం వైపు చూసి చెయ్యి ఊపింది. అమ్మ కూడా ఊపింది.

"గాలి గట్టిగానే ఉందే" అంది అమ్మ, బయటికే చూస్తూ.

"తలుపు వేసేయనా?"

"వద్దు. కనపడుతోందిగా."

ఆ రాత్రి హాల్లో లైటు వెలగలేదు. నేను రెండుసార్లు లేచి వెళ్లి చూశా. అమ్మ పాప పక్కనే నిద్రపోతోంది.