బలహీన వృద్ధులలో నిర్జలీకరణం: కారణాలు, పరిణామాలు, సంరక్షణ

వ్యాస సంగ్రహం:
వార్ధక్యంలో శరీరానికి నీరు తక్కువైనా తగినంత దాహం వేయదు. అందువల్ల అడిగినప్పుడు నీళ్ళివ్వడమనే వాడుక బలహీనులైన వృద్ధుల విషయంలో సరిపోదు. ఈ స్థితికి గల శారీరక, కుటుంబ కారణాలను, దాని పరిణామాలను, సంరక్షణ పద్ధతులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: వార్ధక్యం, నిర్జలీకరణం, దాహం, డెలీరియం, వృద్ధుల సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:
2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వీచిన వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించారు. ఇటువంటి వేసవులలో ఎండన పనిచేసే కూలీలతోపాటు ఇంటిపట్టున ఉండే వృద్ధులకూ ప్రమాదం ఎక్కువే. వేసవి రాగానే మన ఊళ్ళలో చలివేంద్రాలు వెలుస్తాయి. బాటసారి అడగకముందే అతని దాహాన్ని ఊహించి కుండలు నింపి ఉంచుతాం. ఇంట్లో మంచం పట్టిన పెద్దల విషయంలో మాత్రం వారు అడిగేదాకా ఆగుతాం. నిర్జలీకరణం తరచుగా అక్కడే మొదలవుతుంది.

2. శారీరక కారణాలు:
యువకుల శరీర బరువులో సుమారు 60 శాతం నీరు ఉంటుంది. వృద్ధాప్యంలో అది 50 శాతం దరిదాపులకు తగ్గుతుంది. నీటిని అధికంగా నిలుపుకొనే కండరాలు క్షీణించడం ఇందుకు ముఖ్య కారణం. మూత్రాన్ని చిక్కబరచి నీటిని ఆదా చేసే శక్తి కూడా మూత్రపిండాలలో సన్నగిల్లుతుంది. రక్తంలో లవణాల గాఢత పెరిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ దాహాన్ని కలిగిస్తుంది. వయసుతోపాటు ఈ స్పందన మందగిస్తుంది. 1984లో ఫిలిప్స్, సహపరిశోధకులు ఆరోగ్యవంతులైన వృద్ధులను, యువకులను 24 గంటలపాటు నీరు లేకుండా ఉంచి పరిశీలించారు. వృద్ధులకు దాహం తక్కువగా వేసింది. తరువాత నీరు అందుబాటులో ఉంచినా వారు యువకులకంటే తక్కువే తాగారు. ఆరోగ్యవంతుల స్థితే ఇలా ఉంటే బలహీనుల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

3. ఇతర కారణాలు:
కొందరు వృద్ధులు తెలిసే నీళ్ళు మానేస్తారు. రాత్రివేళ మరుగుదొడ్డికి వెళుతూ పడిపోతామన్న భయం, ఇంట్లోవారిని నిద్ర లేపవలసి వస్తుందన్న మొహమాటం, మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఇందుకు కారణాలు. పక్షవాతం తరువాత మింగలేకపోవడం, మతిమరుపు, గ్లాసు ఎత్తలేని చేతి వణుకు కూడా తోడవుతాయి. మూత్రం ఎక్కువగా పోయించే మందులు, విరేచనకారులు నీటి నష్టాన్ని మరింత పెంచుతాయి.

4. ఆరోగ్య పరిణామాలు:
రక్త పరిమాణం తగ్గినప్పుడు, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి తల తిరుగుతుంది. ఆ తూలుడులో పడి తుంటి ఎముక విరిగితే చాలామంది మునుపటిలా నడవలేరు. నీటి కొరత డెలీరియం అనే ఆకస్మిక మానసిక గందరగోళానికి దారితీయవచ్చు. దానిని వయసువల్ల వచ్చిన చాదస్తంగా పొరబడి, నయం చేయదగిన స్థితిని ఇంటివారు ఉపేక్షించే ప్రమాదం ఉంది. మలబద్ధకం, మూత్రపిండాలు అకస్మాత్తుగా దెబ్బతినడం ఇతర పరిణామాలు. మూత్రపిండాల పనితీరు తగ్గినప్పుడు డిగాక్సిన్, లిథియం వంటి మందులు శరీరంలో పేరుకొని విషప్రభావం చూపవచ్చు.

5. గుర్తించడం:
చర్మాన్ని గిల్లి చూడడం, నాలుక తడిని, మూత్రం రంగును పరిశీలించడం అందరికీ తెలిసిన పద్ధతులు. వృద్ధుల చర్మం సహజంగానే సాగి ఉంటుంది. నోరు ఎండడానికి మందులూ కారణం కావచ్చు. 2015లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ఇటువంటి ఒంటరి లక్షణాలపై ఆధారపడరాదని తేల్చింది. రక్తద్రవ ఆస్మోలాలిటీ కిలోకు 300 మిల్లీ ఆస్మోల్స్ దాటితే, నీరు తక్కువగా తాగడంవల్ల కలిగిన నిర్జలీకరణంగా భావిస్తారు. ఇంట్లో వృద్ధులు అకస్మాత్తుగా తికమకపడినా, అతిగా మగతగా ఉన్నా వెంటనే వైద్యునికి చూపించాలి.

6. సంరక్షణ:
ఐరోపా పోషణ వైద్య సంఘమైన ఎస్పెన్ మార్గదర్శకాల ప్రకారం వృద్ధ స్త్రీలకు రోజుకు కనీసం 1.6 లీటర్లు, పురుషులకు 2 లీటర్ల పానీయాలు అందాలి. మంచినీళ్ళతోపాటు మజ్జిగ, పాలు, టీ, కాఫీ కూడా ఈ లెక్కలోకి వస్తాయి. నిద్ర లేవగానే, మందులతో, భోజనంతో, సాయంత్రం వేళ కొద్దికొద్దిగా ఇవ్వడం ఉత్తమం. విరేచనాలు, వాంతులు అయినప్పుడు నీటితోపాటు లవణాలూ పోతాయి కనుక ఓఆర్ఎస్ అవసరం. నీళ్ళు తక్కువగా తాగడమే కారణమైతే మామూలు పానీయాలే తగినవి. గుండె వైఫల్యం ఉన్నవారు, డయాలిసిస్ చేయించుకొనేవారు వైద్యుడు చెప్పిన పరిమితినే పాటించాలి. మింగడం కష్టమైనవారికి నీరు పట్టే పద్ధతిని కూడా వైద్యుని సలహాతోనే నిర్ణయించాలి.

7. ముగింపు:
• వృద్ధులలో దాహం నమ్మదగిన సూచిక కాదు. అడగకముందే, వేళకు నీళ్ళివ్వాలి.
• ఆకస్మిక గందరగోళాన్ని వయసుకు ఆపాదించక కారణం వెదకాలి.
• మంచం పక్కన మూత్రపాత్ర, దారిలో దీపం, పట్టుకొనేందుకు కడ్డీ ఏర్పాటు చేయడం కూడా నీళ్ళివ్వడంలో భాగమే. లేవడానికి భయపడే మనిషి ముందు నిండు గ్లాసు ఉంచినా అది అలాగే ఉండిపోతుంది.