పెట్టెలో ఉన్నా పొడైపోతాయి!

పండక్కో పెళ్లికో వేసుకుందామని కొన్న షూ. నాలుగుసార్లు కూడా తొడగలేదు. పెట్టెలో పెట్టి అటకెక్కించారు. ఐదారేళ్ల తర్వాత ముచ్చటపడి దించి, దుమ్ము తుడిచి, వేసుకుని వీధి చివరిదాకా వెళ్లేసరికి... అడుగు భాగం ముక్కలు ముక్కలుగా రాలిపోయింది! ఇలాంటి అనుభవం చాలా ఇళ్లలో ఉండేదే. 'నాసిరకం సరుకు అంటగట్టాడు' అని కొట్టువాణ్ని తిట్టుకుని పారేస్తాం. మరి ఆ జోడు ఖరీదు లక్షల రూపాయలైతే? అమెరికాలో పాత స్నీకర్లు సేకరించేవాళ్లకు నిద్ర పట్టనివ్వని భయం ఇదే. అందుకే అక్కడ పాత బూట్ల 'ఆరోగ్యం' చూడటం ఓ విద్య అయి కూర్చుంది.

మన బట్టల కొట్లలో 'డెడ్‌స్టాక్' అంటే యజమాని తల పట్టుకునే మాట. అమ్ముడుపోక బీరువాలో మిగిలిపోయిన సరుకన్నమాట. స్నీకర్ల లోకంలో అదే మాట వింటే కళ్లు మెరుస్తాయి. ఎవరూ తొడగని, దుకాణంలోంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న జోడు అని అక్కడ అర్థం. ఒకటి రెండుసార్లు వేసి దాచింది 'దాదాపు డెడ్‌స్టాక్'. ఆ తర్వాత పదికి తొమ్మిది, ఎనిమిది, ఏడు... ఇలా మార్కులు. చిక్కంతా ఈ మార్కుల దగ్గరే. చాలాసార్లు వేసేది అమ్మేవాడే కదా! కన్నతల్లే బిడ్డ పరీక్ష పేపరు దిద్దినట్టుంటుంది వ్యవహారం.

పైగా 'ఎవరూ తొడగలేదు' అన్నది అక్షరాలా నిజమే అయినా, 'బాగుంది' అని చెప్పినట్టు కాదు.

గాలే శత్రువు

చాలా స్నీకర్లలో పాదానికీ కింది రబ్బరుకీ మధ్య మెత్తటి నురగ పొర ఒకటి ఉంటుంది. దాన్ని మిడ్‌సోల్ అంటారు. 1980ల చివర్లో వచ్చిన పేరున్న జోళ్లు చాలావాటిలో దాన్ని పాలీయురేథేన్‌తో చేశారు. గాలిలోని తేమ ఈ పదార్థంలోకి చేరి, దాన్ని పట్టి ఉంచే రసాయన బంధాలను ఏళ్ల తరబడి ఒక్కొక్కటే తెంచేస్తుంది. హైడ్రాలిసిస్ అంటే ఇదే. పైకి ఏమీ కనిపించదు. లోపల మాత్రం పాత మైసూరుపాకే!

విచిత్రం ఏమిటంటే, ఈ విషయంలో అన్నకంటే తమ్ముడే ముందు ముసలివాడయ్యాడు. 1985లో వచ్చిన ఎయిర్ జోర్డాన్ 1కి గిన్నెలాంటి రబ్బరు అడుగు ఉంటుంది. దాన్ని పైభాగానికి కుట్టేస్తారు. అందుకే ఆనాటి జోళ్లు కొన్ని ఇంకా గట్టిగానే ఉన్నాయి. చీలమండ దగ్గరి పట్టీ పైపొర మాత్రం పెచ్చులూడుతుంది. 1988లో వచ్చిన ఎయిర్ జోర్డాన్ 3, మరుసటేడు వచ్చిన 4 అలా కాదు. వాటి మిడ్‌సోల్ పాలీయురేథేన్. ఆనాటి అసలు జోడు ఎంత తళతళలాడుతున్నా దాంతో నడిచే సాహసం తెలిసినవాళ్లెవరూ చేయరు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు పాత జోడును చేతికివ్వగానే వంచి చూడరు. వంచితే ఉన్నది కాస్తా పోతుంది. మడమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కుతారు. రంగు మీద సాలెగూడులా సన్నటి గీతలున్నా, వేలికి జిగురుగా తగిలినా, పెట్టె అడుగున పొడి రాలి ఉన్నా సంగతి అర్థమైపోతుంది. ఆ తర్వాత చూపు మడమ వెలుపలి అంచుకు వెళ్తుంది. నడకలో చాలామందికి మొదట నేలకు తగిలేది అదే. అక్కడ గరుకుదనం అరిగిందంటే 'ఒక్కసారే వేశాను' అన్న మాట తేలిపోతుంది. వేళ్ల దగ్గర తోలు ముడతలూ అంతే. పారదర్శకంగా ఉండే అడుగు పసుపెక్కడం మాత్రం వాడకం వల్ల కాదు, వెలుతురూ గాలీ చేసే పని. మందు రాసి తెల్లబరుస్తారు గానీ అది మళ్లీ పసుపెక్కుతూనే ఉంటుంది.

ఇక అసలు తగాదా మరమ్మతుల దగ్గర. పొడైన అడుగును ఊడదీసి, అదే మోడల్ తర్వాతి కాలపు జోడు నుంచి కొత్త అడుగు తెచ్చి అతికిస్తారు. దీనికోసం రెండో జోడు బలైపోతుంది! ఇందులో తప్పేమీ లేదు, వేసుకు తిరగాలనుకునేవాడికి అదే దారి. కానీ ఆ మాట దాచి పాత ధరకే అమ్మితే మోసమే. రంగు వేసిన తోలును కుట్లే పట్టిస్తాయి. దారం మీద కూడా రంగు పూసి ఉంటే ఎవరో కుంచె పట్టారన్నమాట. లోపలి చీటీ మీది సైజు, అంకెలు పెట్టె మీది వాటితో కలవాలి.

గాజుముక్కే సాక్ష్యం

ఇన్ని లెక్కలూ ఒక్క మనిషి దగ్గర తల్లకిందులవుతాయి. ఆయన మైఖేల్ జోర్డాన్. 1985లో ఇటలీలోని ట్రియెస్టెలో ఆడిన ప్రదర్శన మ్యాచ్‌లో ఆయన బంతిని బలంగా బుట్టలో వేసేసరికి వెనకనున్న గాజు పలక భళ్లున పగిలింది. ఆరోజు వేసుకున్న జోడును 2020లో క్రిస్టీస్ వేలం వేస్తే 6,15,000 డాలర్లు పలికింది. అడుగున ఓ గాజుముక్క ఇంకా గుచ్చుకునే ఉంది! మరో వేలంలో ఆయన జోడు ఒక కాలికి 13, ఇంకో కాలికి 13.5 సైజు. మామూలుగా అయితే తిప్పి పంపేయాల్సిన లోపం. అక్కడ మాత్రం ఆయన పాదాలవే అనడానికి ఆధారం. 1998 ఫైనల్స్‌లో ఆయన వాడిన జోడైతే 2023లో 22 లక్షల డాలర్లు దాటింది. అదే 1972 నాటి నైకీ 'మూన్ షూ'కు 2019లో 4,37,500 డాలర్లు వచ్చింది ఎవరూ తొడగనందుకే.

అంతటి ధరలు మనకెందుకు గానీ, అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన షూ మన ఇళ్లలోనూ ఉంటోంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తేమకు కొదవ లేదు. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచడం, అది పనిచేయడం మానేశాక మార్చడం మంచిదే. అలాగని పది పొట్లాలు కుక్కితే తోలు ఎండి బీటలు తీస్తుంది. చెమట ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం అన్నిటికన్నా చెడ్డపని. అన్నట్టు, ఈసారి అటక మీది పెట్టె దించినప్పుడు మడమ దగ్గర బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూడండి... పెళ్లి మండపానికి వెళ్లాక కాదు, ఇంటి దగ్గరే!