పసికందు ఛాతీలోకి మూడు మిల్లీమీటర్ల పనిముట్లు

పుట్టే ప్రతి మూడు, నాలుగు వేల మంది శిశువుల్లో సుమారు ఒకరికి అన్నవాహిక మధ్యలో తెగి ఉంటుంది. పై ముక్క సంచిలా మూసుకుపోతుంది. కింది ముక్క చాలామందిలో శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. తాగిన పాలు కడుపులోకి దిగవు, నోట్లో ఊరిన చొంగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లోనే ఆపరేషన్ చేసి రెండు ముక్కలనూ కలుపుతారు. 1941లో అమెరికాలో కామెరాన్ హైట్ ఇలా కలిపి బిడ్డను బతికించారు. ఆ తరువాత దశాబ్దాల పాటు ఉన్న దారి ఒకటే: ఛాతీని పక్క నుంచి కోసి, పక్కటెముకలను ఎడం చేసి లోపలికి వెళ్లడం. దానివల్ల ఎందరో బిడ్డలు బతికారు. అయితే వారిలో కొందరికి ఎదిగేకొద్దీ వెన్ను వంకర తిరగడం, రెక్క ఎముక పైకి పొడుచుకు రావడం, ఛాతీ ఒకవైపు సరిగా పెరగకపోవడం కనిపించాయి. బతికించినంత శ్రద్ధగా ఈ సంగతినీ పట్టించుకోవాలనుకున్న పిల్లల సర్జన్లకు, ఛాతీ తెరవకుండా చిన్న రంధ్రాల గుండా పనిచేసే సన్నని పనిముట్లు కావలసి వచ్చాయి.

ఇలా చిన్న రంధ్రాల గుండా పెద్దలకు చేసే కీహోల్ ఆపరేషన్లలో ఎక్కువగా వాడేవి 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, 30 సెంటీమీటర్లకు పైగా పొడవు ఉన్న పనిముట్లు. మూడు కిలోల బిడ్డకు అగరుబత్తి మందాన, అంటే 3 మిల్లీమీటర్లలో, 20 సెంటీమీటర్ల పొడవులో చేసినవి కావాలి. పెద్దవాటినే కుదించి పోతపోస్తే సరిపోదు. కడ్డీ గట్టిదనం దాని మందంలో నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. మందం 5 నుంచి 3 మిల్లీమీటర్లకు తగ్గితే గట్టిదనం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కణజాలాన్ని పక్కకు నెట్టబోతే పనిముట్టే వంగుతుంది. పొడవు తగ్గించడానికి ఇదొక కారణం. పొడుగు పనిముట్టులో ఎక్కువ భాగం శరీరం బయటే ఉండిపోవడంతో చేతి కదలికకూ మొన కదలికకూ పొంతన కుదరకపోవడం మరొకటి. మొన దగ్గర ఇంకో చిక్కుంది. అంతే బలంతో పట్టుకున్నా, దవడలు చిన్నవైనప్పుడు ఒత్తిడి కొద్దిచోటే పడి, పసికందు పేగు చిరిగే ప్రమాదం ఉంది.

పనిముట్లతో పాటు లోపల కనిపించడమూ ఒక సమస్యే. దానికి ముందు బ్రిటన్‌లో దారి దొరికింది. శరీరం లోపలికి చూసే పాత టెలిస్కోపుల్లో చిన్న చిన్న కటకాల మధ్య గాలి ఖాళీలు ఎక్కువ. హెరాల్డ్ హాప్‌కిన్స్ ఆ ఖాళీలను పొడవాటి గాజు కడ్డీలతో నింపారు. సన్నని గొట్టంలో కూడా వెలుగు బాగా అందింది. 1960లలో కార్ల్ స్టార్జ్ సంస్థ వాటి తయారీ చేపట్టింది. 1970ల తొలినాళ్లలో లాస్ ఏంజెలెస్‌లో స్టీఫెన్ గాన్స్, జార్జ్ బెర్సీ ఈ టెలిస్కోపులతో శిశువుల పొట్ట లోపలి భాగాలను పరీక్షించారు.

లోపల పనిచేయడానికి చోటు కావాలంటే కార్బన్ డయాక్సైడ్ నింపాలి. పెద్దల పొట్టలో 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం దాకా ఫరవాలేదు. నవజాత శిశువుకు 6 నుంచి 8 లోపే ఉంచుతారు, ఛాతీలో ఇంకా తక్కువ. వాయువు రక్తంలోకి త్వరగా చేరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి మత్తు డాక్టరు సర్జన్‌తో సమానంగా అప్రమత్తంగా ఉండాలి. బిడ్డ పొట్ట గోడ పలచన కావడంతో పనిముట్లు లోపలికి పంపే గొట్టం (పోర్టు) జారిపోకుండా చర్మానికి కుట్టి నిలుపుతారు.

1999లో బెర్లిన్‌లో థామ్ లోబ్, స్టీవెన్ రోథెన్‌బర్గ్ తదితరులు ఛాతీ తెరవకుండా ఒక శిశువు అన్నవాహికను కలిపారు. ఆ ఇరుకులో సూది తిప్పి ముడి వేయడం నేటికీ పిల్లల సర్జరీలో అతి కష్టమైన పనుల్లో ఒకటి. దానికి ఏళ్ల సాధన కావాలి.

పరికరాల కొరత మాత్రం తీరలేదు. పెద్దల స్టేప్లర్లకు సాధారణంగా 12 మిల్లీమీటర్ల పోర్టు కావాలి; శిశువు పక్కటెముకల మధ్య అంత సందే ఉండదు. 5 మిల్లీమీటర్ల స్టేప్లరు, 3 మిల్లీమీటర్ల రక్తనాళ సీలరు చాలా ఆలస్యంగా వచ్చాయి. పిల్లల పరికరాలు కొనేవాళ్లు తక్కువ కావడంతో పెద్ద కంపెనీలు చొరవ చూపవు. ఇది వైద్యంలో ఒక అన్యాయం. పలుచని మొనలు త్వరగా పాడవుతాయి, శుభ్రం చేయడమూ కష్టమే. దాంతో ఆసుపత్రులకు ఖర్చు పెరుగుతుంది.

బరువు మరీ తక్కువైన బిడ్డకో, తీవ్రమైన గుండె లోపం ఉన్న బిడ్డకో ఛాతీ తెరవడమే క్షేమమని సర్జన్లు నిర్ణయించే సందర్భాలు ఉన్నాయి. మధ్యలో ఆక్సిజన్ పడిపోయినా, రక్తస్రావమైనా కీహోల్ పద్ధతి మాని ఛాతీ తెరుస్తారు.