దూబగుంట స్త్రీలు చేసిన పని

సంఘమును మార్చుట పట్టణములందలి పెద్దల పనియే కాని రైతుల పని కాదని మన పెద్దారవీడు ప్రాంతమున ననువారు కలరు. మేమట్లు తలంపము. పొరుగు నెల్లూరు జిల్లా, కలిగిరి మండలమందలి దూబగుంట సంగతి చూడుడు.

అచట అక్షరాస్యతా కేంద్రములో చదువుకొను బీద స్త్రీలు, సారావలన చెడిన సంసారపు కథను వాచకమున చదివి, అది తమ యింటి కథయే యని గ్రహించిరి. గ్రహించి యూరకుండలేదు. వర్ధినేని రోశమ్మ మొదలగువారు గుమిగూడి యూరిలో సారా అమ్మకము నాపించిరి. ధనము లేదు, అధికారము లేదు. పదిమంది కలసి నిలుచుటయే వారి బలము. 1992లో పొరుగూళ్ల స్త్రీలును లేచి సారాపాటల నడ్డగించిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలెను. ఇది దాచవలసిన సంగతి కాదు.

అయినను తరువాతి పని మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. నెల్లూరు జిల్లా స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపులక్ష్మి సంఘములు నడపిరి. నేడు రూపాయి చాలదు, నిజమే. కాని వానలేని యేట వడ్డీవ్యాపారి గడప త్రొక్కు మెట్టరైతునకు ఇంటి పొదుపెంత యాదరువో వేఱుగ చెప్పనేల? మన యూళ్లలోను స్త్రీల పొదుపు సంఘములు కలవు. సహకార సంఘ సమావేశములందు మాత్రము వారి మాట వినబడుట యరుదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ యింటి యాడువారినిగూడ తోడ్కొని రావలెనని కోరుచున్నాము.